మొదటి టిల్లు, రెండవ టిల్లు

లోకమాన్య బాలగంగాధర తిలకు 1920వ సంవత్సరము ఆగష్టు 1వ తేదీన స్వర్గస్థుడయ్యెను. సరిగా సంవత్సరము తిరిగిన దినముననే తణుకు ప్రాంతమున బుట్టిన యొక శిశువునకు ఆ మహనీయుని పేరు పెట్టబడెను. ఆ శిశువే పెరిగి పెద్దవాడై దేవరకొండ బాలగంగాధర తిలక్ అను కవియై ప్రసిద్ధి గాంచెను. దేశనాయకుల పేర్లను బిడ్డలకు పెట్టుకొనుట మన తెలుగువారికి జిరకాలపు వాడుక. తండ్రి యొక యాశతో పేరు పెట్టును. కొడుకు ఆ పేరును దనకు దోచినట్లు వాడుకొనును. 2022వ సంవత్సరము ఫిబ్రవరి 12వ తేదీన విడుదలయిన "డీజే టిల్లు" అను చలనచిత్రములోని నాయకునికి గూడ తలిదండ్రులు పెట్టిన పేరు బాలగంగాధర తిలక్ అనియే. స్వరాజ్యము జన్మహక్కని చాటిన మహాపురుషుని పేరు వీని నోట "టిల్లు"గా గుదించుకొనిపోయినది. ఊరేగింపులలో డీజే పెట్టెలు మ్రోగించుటయే వీని వృత్తి.

గంభీరవిషయములు చర్చింపవలసిన యీ పుటలో నొక హాస్యచిత్రమును గూర్చిన ముచ్చట యేల యని కొందఱు పెద్దలు ప్రశ్నింపవచ్చును. కారణములు రెండు గలవు. మొదటిది, ఈ టిల్లు మాటలాడునది మన మాట. నల్లగొండ, మహబూబ్‌నగరు మండలములనుండి పొట్ట చేతబట్టుకొని హైదరాబాదు చేరిన కుటుంబముల పిల్లలు ఆ నగరపు వీధులలో బెంచుకొన్న మాట. రెండవది, ఈ చిత్రమునకు 2024వ సంవత్సరము మార్చి 29వ తేదీన "టిల్లు స్క్వేర్" అను తరువాయి భాగము వచ్చినది; "టిల్లు క్యూబ్" అను మూడవ భాగము గూడ వచ్చునని నిర్మాతలు ప్రకటించియున్నారు. మొదటిదానికిని రెండవదానికిని గల తారతమ్యమును మూడవది రాకముందే విచారించుట మంచిది. రెండవ భాగమున నవ్వు పెరిగినది. కాని ఆ నవ్వునకు మూలమైన మనుష్యుడు తరిగిపోయినాడు. ఇదియే మా యభిప్రాయము.

విషయము తెలియుటకు గొంచెము వెనుకకు బోవలసియున్నది. 1921వ సంవత్సరము నవంబరు మాసమున హైదరాబాదులో కర్వే పండితుని యధ్యక్షతను సంఘసంస్కార సభ జరిగినది. ఇంగ్లీషున, ఉర్దూలో, మరాఠీలో మాటలాడినవారిని సభ్యులు సావధానముగా వినిరి. ఆలంపల్లి వేంకటరామారావు గారు తెలుగున మాటలాడుటకు లేచినంతనే యెగతాళి చేసిరి. ఆ యవమానమునుండి పుట్టినదే ఆంధ్రజనసంఘము. 1926లో పాలమూరు మండలపు బిడ్డయగు సురవరము ప్రతాపరెడ్డి గారు గోలకొండ పత్రికను స్థాపించిరి. తెలంగాణమున కవులు లేరను మాటకు బదులుగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. ఆనాటి యెగతాళి పరభాషీయులది. అటుపిమ్మట వచ్చిన యెగతాళి మన తెలుగువారిదే.

1956లో రెండు ప్రాంతములు నొక్క రాష్ట్రమయినవి. చిత్రపరిశ్రమ యప్పటికి మదరాసున స్థిరపడియుండెను. అందలి పెద్దలు తమ యెఱిగిన కోస్తా పలుకుబడినే తెలుగని తలచిరి. నాయకుడు, నాయిక, న్యాయాధిపతి, ఉపాధ్యాయుడు ఆ భాషనే మాటలాడిరి. తెలంగాణపు యాస దుండగీని నోటను, నవ్వించువాని నోటను మిగిలినది. 1985లో వచ్చిన "ప్రతిఘటన"లో కాశయ్య యను ప్రతినాయకునిచేత మన పలుకుబడి పలికించిరి. ఆ పాత్రను ధరించిన కోట శ్రీనివాసరావు గారి ప్రతిభ యసాధారణమైనది. తప్పు వారిది గాదు. 1993లో వచ్చిన "మనీ"యందును, 1995లో దానికి దరువాయిగా వచ్చిన "మనీ మనీ"యందును బ్రహ్మానందము గారు ధరించిన ఖాన్ దాదా పాత్రను చూచి నవ్వనివారు లేరు. అయినను మన మాట దుండగీనికో, విదూషకునికో తప్ప నాయకునికి దక్కలేదు. నల్లగొండ టాకీసులో కూర్చున్న రైతు తన మాట వినగానే నవ్వుటయో, తల వంచుకొనుటయో తెలియని స్థితి చాలకాలము సాగినది.

ఇట్టి పూర్వచరిత్ర గలదు గనుకనే మొదటి టిల్లునకు మేమొక విలువ నిచ్చుచున్నాము. ఇందు నాయకుడు మొదటినుండి చివరవఱకు మన యాసతోనే ప్రేమించును, భయపడును, బొంకును, ఏడ్చును. ఆ యాసను నవ్వు పుట్టించు సాధనముగా నెవ్వరును వేఱుగా జూపలేదు. విమల్ కృష్ణ దర్శకత్వము వహింపగా, నాయకపాత్రధారి సిద్ధు జొన్నలగడ్డ రచనయందును బాలుపంచుకొనిన చిత్రమిది. ధరించువాడే వ్రాసికొన్నందున మాటకును మనిషికిని నడుమ నెడము లేకపోయినది.

కథ సామాన్యమైనదే. రాధిక యను గాయనిని చూచి టిల్లు మోహించును. ఒక రాత్రి ఆమె పిలువగా గంతులువేయుచు బోయినవానికి ఆమె ప్రియుని శవ మెదురగును. పారిపోవలసినవాడు పారిపోక, ఆమె మాటలకు గరగి, ఆ శవమును బాతిపెట్టుటకు దోడ్పడును. ఆ రహస్యము తెలిసిన మఱియొకడు బెదిరించి ధనము లాగజూచును. అచ్చటినుండి వాడొక గోతిలోనుండి వెడలి మఱియొక గోతిలో బడుచుండును.

ఇందలి హాస్యము పుట్టుక నించుక పరిశీలింపుడు. టిల్లు నవ్వించుటకు మాటలాడడు. భయపడినందున మాటలాడును. శవము ముందఱనున్నప్పుడు, పోలీసులు తలుపు తట్టునప్పుడు, ప్రేమించినది తన్ను మోసగించుచున్నదేమో యను సందేహము పొడసూపినప్పుడు వాని నోటికి మూత యుండదు. మన యూళ్లలో రాత్రివేళ వాగు దాటునప్పుడు బిగ్గరగా బాడువానిని చూడలేదా? ఆ పాట సంతోషముచేత వచ్చినది కాదు. వాని వదరుబోతుతనమును అట్టిదే. ప్రేక్షకుడు నవ్వుచునే వానిని గూర్చి యడలుచుండును. ఆ రెండును గలిసిన చోటనే సాహసహాస్యమున కందము.

వీనికి దోడు తండ్రి పాత్రయొకటి గలదు. మురళీధర్ గౌడ్ గారు ధరించిన యా పాత్రలో మన మధ్యతరగతి యింటి పెద్ద యెంత చక్కగా గనబడుచున్నాడో చెప్పనలవి గాదు. కొడుకు గొప్పలు పోవుచుండగా, ఒక్క ముక్కలో వానిని నేలకు దించును. ఆ ముక్కలో గోపమున్నది, ప్రేమయున్నది, ఇంటి యప్పుల జ్ఞాపకమున్నది. కొడుకు ప్రగల్భములకు గొలబద్దగా నీ తండ్రి నిలిచినందుననే ఆ ప్రగల్భములు మనకు వెగటు గాలేదు.

ఇక రెండవ భాగము. దర్శకుడు మాఱి మల్లిక్ రామ్ వచ్చెను. రాధికకు మాఱుగా లిల్లీ యను యువతి వచ్చినది. ఈ పాత్రను అనుపమా పరమేశ్వరన్ ధరించినది. టిల్లు ఇప్పుడు వెనుకటి చిల్లర డీజే గాడు. ఉత్సవములు జరిపించు వ్యాపారము పెట్టి నాలుగు డబ్బులు చూచినవాడు. లిల్లీతో నొక రాత్రి గడపును. తెల్లవాఱునప్పటికి ఆమె మాయమగును. కొంతకాలమునకు గర్భవతినని మరల గనబడును. పిమ్మట తాను రహస్యశాఖకు జెందినదాననని చెప్పుకొనును. పెద్ద దుండగీ డొకడు కథలో బ్రవేశించును. మురళీశర్మ ధరించిన యీ పాత్ర ముందఱ మొదటి భాగములోని బెదిరింపుకాడు పిల్లవాడు. ముగింపును జెప్పి, చూడనివారి కుతూహలమును జెఱుపజాలము.

న్యాయముగా జెప్పవలసినచో రెండవ భాగమునకు గొన్ని గుణములు గలవు. కథనము వేగముగా నడచును. నవ్వులు మొదటిదానికంటె దట్టముగా గలవు. మొదటి భాగములోని ఘట్టములను జ్ఞాపకము చేయు ఘట్టములను గొన్నింటిని నేర్పుతో అమర్చినారు. మొదటిదానిలో రాధికను ధరించిన నేహాశెట్టి కొంతసేపు కనబడినంతనే హాలంతయు గగ్గోలెత్తుట సహజమే. తండ్రిపాత్ర యిందును బదిలముగానున్నది. వసూళ్లు నూరు కోట్ల రూపాయలు దాటినవని నిర్మాతలు ప్రకటించిరి. ఇంతటి యాదరణమునకు బాత్రమైనదానిని నిస్సారమని త్రోసివేయుట విమర్శకుని గర్వమే యగును. మేమును నవ్వితిమి.

అయినను హాలునుండి వెలికి వచ్చిన పిమ్మట మొదటి భాగమువలె నీ రెండవది మనస్సున నిలువదు. ఏల? అపాయము పెద్దదైనది గాని భయము చిన్నదైనది. మొదటి భాగమున ఒక్క శవము, ఒక్క సంచి ధనము. అయినను వాని బ్రతుకు తెగిపోవునేమో యని మనము బెదరితిమి. రెండవదానిలో దుపాకులు, రహస్యశాఖలు, పెద్దపెద్ద దుండగీండ్రు గలరు. అయినను టిల్లునకేమియు గాదని మనకు ముందే తెలిసియున్నది. వానికిని దెలిసినట్లే యున్నది. తాను నవ్వు పుట్టించువాడనని వాడెఱిగి మాటలాడుచున్నాడు. ఒక ముక్క విసరి, చప్పట్లకు జోటిచ్చి, మఱియొక ముక్క విసరును. మొదటి టిల్లు గదిలోనున్నవారితో మాటలాడెను. రెండవ టిల్లు హాలులోనున్న మనతో మాటలాడుచున్నాడు.

ఈ చిక్కు టిల్లు నొక్కనిది గాదు. సాహసహాస్యమునకు దరువాయి వ్రాయు ప్రతివానికి నిది తప్పదు. అట్టి కథకు బ్రాణము నాయకుని యెఱుగనితనము. మొదటి భాగము ముగియునప్పటికి వాడెఱుగును. ఎఱిగినవానిని మరల గోతిలో బడవేయుట యెట్లు? మొక్కపాటి నరసింహశాస్త్రి గారి బారిష్టరు పార్వతీశమును దలచుకొనుడు. మొగల్తూరునుండి సీమకు బయలుదేరిన యా యమాయకుడు రైలులో, ఓడలో పడిన పాట్లకు తెలుగుదేశమంతయు బొట్ట చెక్కలగునట్లు నవ్వినది. ఆ గ్రంథమునకు రెండవ, మూడవ భాగములు గూడ గలవు. మొదటి భాగము చదివినంతమంది వానిని జదువలేదు. పార్వతీశము చదువుకొని లోకము తెలిసికొన్నాడు. కావున నవ్వు పలుచనైనది. అయినను రచయిత వానిని బలవంతముగా మూర్ఖునిగా నుంచలేదు. నవ్వు తగ్గినను మనిషిని మిగిల్చెను.

స్పెయిను దేశపు సెర్వాంటిస్ మఱింత కఠినమైన త్రోవ ద్రొక్కెను. ఆయన "డాన్ క్విక్సోట్" మొదటి భాగము 1605లో వెలువడినది. దానికి గలిగిన ప్రసిద్ధిని జూచి 1614లో మఱియొకడు దొంగ తరువాయిని వ్రాసి ప్రకటించెను. సెర్వాంటిస్ 1615లో తన స్వంత రెండవ భాగమును వెలువరించెను. అందలి జనులు మొదటి భాగమును జదివినవారే. వారు నాయకుని గుర్తుపట్టి, గౌరవించినట్లు నటించి, వినోదమునకై వానిని బాధింతురు. అనగా వాని ప్రసిద్ధియే వాని కపాయమైనది. రెండవ భాగము మొదటిదానికంటె లోతైనదని పెక్కుమంది విజ్ఞులు దలచుటకు నిదియే కారణము. టిల్లునకును బ్రసిద్ధి వచ్చినది. ఆ ప్రసిద్ధి వానిని గోతిలో ద్రోసియుండినచో గొప్ప కథ యయ్యెడిది. రెండవ భాగమున నది చప్పట్లకు మాత్రమే పనికివచ్చినది.

మన మాటకును నిదే గతి పట్టినది. మొదటి భాగమున మన యాస మనిషి దేహమునకు జర్మమువలె నుండెను. రెండవదానిలో అది వేషమైనది. ఏ మాటకు మొదట నవ్వు వచ్చినదో ఆ మాటనే మరల బలికించుట, ఏ విఱుపు జనులకు నచ్చినదో ఆ విఱుపునే పదింతలు చేయుట కనబడుచున్నది. దుండగీని నోటను విదూషకుని నోటను బడి నలిగిన మాట నాయకుని చేరుటకు దశాబ్దములు పట్టినది. నాయకుని నోట గూడ అది విదూషకత్వమే యగునట్లయితే మనకు గలిగిన లాభమేమి?

మఱియొక విషయమును బెద్దమనుష్యులు గమనింపవలెను. రాధిక యను చక్కని పేరు మొదటి చిత్రము పిమ్మట మోసగత్తెకు బర్యాయపదమైనది; కుఱ్ఱకారు ఎగతాళికి దానిని వాడుచున్నారు. అయినను మొదటి చిత్రమున రాధికకు దన భయము, తన యక్కఱ, తన తెలివి గలవు. ఆమె టిల్లును వాడుకొన్నది నిజమే గాని, ఆమె యేల యట్లు చేసెనో మనకు దెలియును. రెండవ భాగమువా రా పేరును హాస్యమునకు ముడిసరుకు చేసికొనిరి. లిల్లీ గూడ టిల్లును మభ్యపెట్టునదే; అందుచేత స్త్రీలందఱు నొక్కటే యను చవుకబారు తీర్పునకు హాలులోని కుఱ్ఱవాండ్రు చప్పట్లు కొట్టుదురు. కథ తీర్పు చెప్పకపోయినను, చప్పట్లకు జోటిచ్చిన పాపము దానిదే.

ఇది వట్టి వినోదము. వినోదమున నింత విచారణ యేల యని కొందఱందురు. ఆ మాటను మేము కాదనజాలము. పగలెల్ల పని చేసి యలసినవాడు రెండు గంటలు నవ్వుకొనుటకు బోవును; వానికి వ్యాకరణము బోధించుట యన్యాయము. కాని వినోదముచేతనే మన పిల్లలు తమ మాటను గూర్చి గర్వపడుటయో, సిగ్గుపడుటయో నేర్చుకొనుచున్నారు. బడిలో నుపాధ్యాయుడు దిద్దినదానికంటె తెరపై విన్నది వారికి హెచ్చుగా నంటుకొనును. ఇదివఱకు మన యాసను విని యితరులు నవ్విరి. ఇప్పుడు మనమే దానిని నవ్వుకొఱకు మాత్రమే వాడ మొదలిడినచో, తప్పు పరులపై వేయుటకు వీలుండదు.

ఇంతకును తెలంగాణపు మాట యొక్కటే గాదు. నారాయణపేట, మక్తల్ దిక్కున కన్నడపు గాలి సోకిన తెలుగు వినబడును. గద్వాల, ఆలంపురముల మాటలో తుంగభద్ర కావలి యొడ్డున నున్న రాయలసీమ తీరు గలదు. కోదాడ, హుజూరునగరుల పలుకుబడి కృష్ణా మండలమును స్మరింపజేయును. భువనగిరివారి మాటకు నగరపు మెఱుగంటినది. దేవరకొండ, అచ్చంపేట తండాలలో లంబాడీలు తమ భాషను మాటలాడుకొని, సంతకు వచ్చి తెలుగు మాటలాడుదురు. అమ్రాబాదు కొండలలో చెంచుల తెలుగు వేఱు. దేశమున నెచ్చట ఆనకట్ట కట్టినను అచ్చట మట్టి మోసిన పాలమూరి కూలీలు పది భాషల ముక్కలు తమ మాటలో గలుపుకొని యింటికి దెచ్చిరి. ఈ వైవిధ్యమంతయు బోయి, హైదరాబాదు కుఱ్ఱవాని మాటవిఱుపు ఒక్కటే "తెలంగాణ యాస"గా తెరపై స్థిరపడునేమో యని మా భయము.

నిరాశకు మాత్రము కారణము లేదు. 2019లో వచ్చిన "మల్లేశం" పూర్వపు నల్లగొండ మండలములోని నేతకారుని కథ. తల్లి చేతినొప్పి చూడలేక ఆసుయంత్రమును గనిపెట్టి 2017లో పద్మశ్రీ పొందిన చింతకింది మల్లేశము గారి జీవితమది. 2023లో వచ్చిన "బలగం" చావింటి ముచ్చట. ఆ రెండింటను మన మాట వినోదమునకు వేఱుగా నిలువలేదు. దుఃఖమునకును, ఓరిమికిని గూడ నది చాలినది. హాస్యమునకు గూడ అట్టి నిండుదనము గలదని మొదటి టిల్లు చూపినాడు. మొదటివాడు చేసినది మూడవవాడు చేయలేకపోవుటకు గారణము లేదు.

కావున మూడవ భాగమును దలపెట్టినవారికి మా మనవి యిది. టిల్లును మరల నెఱుగనివానిని జేయుడు. నగరములోని మద్యశాలలును దుపాకులును వానికి బాతవైనవి. వాని తెలివి చెల్లని చోటికి వానిని బంపుడు. తాతలనాటి యెకరము తగాదా తీర్చుకొనుటకు నల్లగొండ మండలపు పల్లెకు బోవుమనుడు; అచ్చటి పటేలు ముందఱ, పట్వారీ కాగితముల ముందఱ, పొలము గట్టుపై గూర్చున్న ముసలమ్మ ముందఱ వాని మాటకారితన మెంత నిలుచునో చూతము. అచ్చట వాడు భయపడునేని మనము మరల నవ్వుదుము.

పాఠకులకు గూడ నొక మనవి. చిత్రమునకు బోకుడని మేము చెప్పము. పోయి చూడుడు, నవ్వుడు. కాని పాత ముక్క మరల వినబడినప్పుడు అలవాటుచొప్పున జప్పట్లు కొట్టకుడు. నూరు కోట్ల వసూళ్లకంటె ఆ చప్పట్లే వ్రాయువానికి దారి చూపును. బాలగంగాధర తిలకు పేరు టిల్లుగా గుదించుకొన్నందుకు మాకు గోపము లేదు. ఆ పేరు పెట్టిన తండ్రి యింకను నింటి యరుగుపై గూర్చుండి కొడుకు రాకకై యెదురుచూచుచున్నాడు. మూడవమాఱైనను వాడు ఒక మనుష్యుడుగా నింటికి రావలెనని మేమును నెదురుచూచుచున్నాము.